కాల్చేయమన్న బొమ్మ

మూకీ సినిమాల మీద చాలాకాలం పాటు నాకున్న అభిప్రాయం గొప్పగా చెప్పుకోదగ్గదేమీ కాదు. మనుషులు ఎవరో తరుముతున్నట్టు నడుస్తారు, కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తారు, చిన్న మాటకు కూడా చేతులు ఆకాశానికి ఎత్తుతారు. చరిత్ర మీద గౌరవంతో ఒక్కసారి చూసి, చూశామని నలుగురికీ చెప్పుకుని, మళ్ళీ ఆ వైపు పోనక్కరలేదని అనుకునేవాణ్ణి. ఇక భయపెట్టవలసిన సినిమా మూకీ అయితే చెప్పేదేముంది? తలుపు కిర్రుమనదు, నక్క ఊళ వెయ్యదు, వెనకనుంచి వచ్చి గుండె ఝల్లుమనిపించే కేక ఉండదు. అలాంటిది, ఒక రక్తపిశాచి మూకీని 2020 నుంచి ఇప్పటిదాకా పదిసార్లయినా చూసి ఉంటాను. ఎవరితో చూశానో, ఎందుకు చూశానో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

సినిమా పేరు ‘నోస్ఫెరాటూ’. జర్మనీలో 1922లో ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ తీశాడు. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన ‘డ్రాకులా’ నవలే దీనికి మూలం. కాకపోతే అనుమతి తీసుకోలేదు. పేర్లు మార్చి ఊరుకున్నారు. కౌంట్ డ్రాకులా కౌంట్ ఓర్లోక్ అయ్యాడు. ఇంగ్లండు పోయి విస్‌బోర్గ్ అనే కల్పిత జర్మన్ రేవు పట్టణం వచ్చింది. ఆ పట్టణంలో హుట్టర్ అనే యువకుడూ అతని భార్య ఎలెన్ ఉంటారు. ఊళ్ళో ఇల్లు కొనదలచుకున్న ఒక ప్రభువుతో బేరం కుదుర్చుకు రమ్మని హుట్టర్‌ని యజమాని కొండల్లోని కోటకు పంపుతాడు. ఆ ప్రభువు మనిషి కాదని హుట్టర్ తెలుసుకునేసరికి ఆలస్యమైపోతుంది. ఓర్లోక్ శవపేటికలో పడుకుని ఓడెక్కి విస్‌బోర్గ్‌కు బయలుదేరతాడు, ఎలుకలనూ ప్లేగునూ వెంటబెట్టుకుని.

నేను దీన్ని మొదటిసారి చూసింది 2000ల తొలి సంవత్సరాల్లో, ఒక స్నేహితుడి గదిలో, కంప్యూటర్ మీద. ఎక్కడినుంచో దించిన కాపీ. బొమ్మ మసకబారి గీతలు గీతలుగా ఉంది. వెనక ఏదో సంబంధం లేని సంగీతం అతికించారు. గంటన్నర నడవాల్సిన సినిమా గంట దాటి కొద్దిసేపటికే ముగిసిపోయింది. టైటిల్ కార్డుల్లో ఓర్లోక్ పేరుకు బదులు మళ్ళీ డ్రాకులా అనే ఉంది. (అమెరికాలో తిరిగిన కాపీల్లో నవలలోని పేర్లు తిరిగి పెట్టేశారని తరువాత తెలిసింది.) అన్నిటికంటే మాకు నవ్వొచ్చిన విషయం వేరే. సూర్యుడి వెలుగు తగిలితే చచ్చిపోయే రక్తపిశాచి, తన శవపేటికను తానే చంకలో పెట్టుకుని మిట్టమధ్యాహ్నం వీధుల్లో నడిచి పోతున్నాడు! గోడల మీద ఎండ పొడ స్పష్టంగా కనిపిస్తోంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. ‘పాపం, ఆ రోజుల్లో వాళ్ళకేం తెలుసులే’ అని కూడా అన్నట్టు గుర్తు.

తెలియనిది మాకేనని తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ రోజుల్లోని ఫిల్ముకు రాత్రి చీకటిలో బొమ్మను పట్టే శక్తి ఉండేది కాదు. అందుకని రాత్రి దృశ్యాలను పగలే తీసి, ప్రదర్శించే ఫిల్మును రంగు నీళ్ళలో ముంచి అద్దకం వేసేవారు. నీలం అద్దితే రాత్రి. పసుపు అద్దితే దీపం వెలిగించిన గది. గులాబీ ఛాయ వేస్తే తెల్లవారుజాము. 1922లో థియేటర్లో కూర్చున్న ప్రేక్షకుడికి ఇది మనకు కర్టెన్ దించితే సీను అయిపోయిందని తెలిసినంత సహజంగా తెలుసు. తరువాతి కాలంలో నలుపు తెలుపు ఫిల్ము మీదకు కాపీలు తీసుకుంటూ పోయినవాళ్ళు ఆ రంగులను వదిలేశారు. రాత్రి కాస్తా పగలైపోయింది. వేగం సంగతీ అంతే. మూకీలను సెకనుకు పదహారో పద్దెనిమిదో బొమ్మల చొప్పున తీసేవారు, ఒక్కో చోట ఒక్కో లెక్క. టాకీల కోసం ఇరవై నాలుగు బొమ్మల లెక్కన చేసిన యంత్రం మీద వాటిని ఆడిస్తే పాత్రలు పరుగులు పెట్టక ఏం చేస్తాయి? నేను నవ్వింది మూర్నౌ సినిమాను చూసి కాదు, చేతులు మారి మారి చిరిగిపోయిన దాని నకలును చూసి.

ఇప్పుడు నాన్నగారి సంగతి చెప్పాలి.

మా నాన్నగారు హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు ఆయనకు ఫొటోగ్రఫీ పిచ్చి. ఊళ్ళో స్టూడియో నడిపే స్నేహితుడి డార్క్ రూములో సెలవు రోజులన్నీ గడిచిపోయేవని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. డెబ్భై దాటాక ఆయనకు క్రమంగా వినికిడి తగ్గిపోయింది. చెవిలో పెట్టుకునే మిషను కొన్నాం. అది మాటతో పాటు ఫ్యాను చప్పుడునూ గిన్నెల మోతనూ కూడా పెంచి పెడుతుంది. నెల తిరక్కుండానే అది సొరుగులోకి చేరింది. ఆయనతో ఏదైనా చెప్పాలంటే ఒక నోటుపుస్తకంలో రాసి చూపించడం అలవాటు చేసుకున్నాం. ఆయన మాత్రం మామూలుగానే, కాస్త గట్టిగా, మాట్లాడతారు.

వినికిడితో పాటు ఆయనకు సినిమా కూడా పోయింది. మొదట్లో టీవీలో సినిమా వస్తే మా మధ్యే కూర్చునేవారు. మేం నవ్విన ఒక క్షణానికి ఆయనా నవ్వేవారు. ఆ ఒక్క క్షణం ఆలస్యాన్ని మేం గమనించలేదనుకునేవారు. మేం గమనించనట్టే ఉండేవాళ్ళం. కొన్నాళ్ళకు కూర్చోవడం మానేశారు. అడిగితే ‘ఇప్పటి సినిమాలేం బాగుంటాయిరా’ అనేవారు.

2020 ఆగస్టు. కరోనా మా వీధిలోకి వచ్చిన నెల. వీధి మొదట్లో కర్రలు అడ్డంగా కట్టారు. ఎదురింటి గేటుకు నోటీసు అతికించి వెళ్ళారు. ఆ ఇంటి పెద్దాయనను అంబులెన్సు తీసుకుపోయి అప్పటికి నాలుగు రోజులైంది. నిద్ర పట్టక ఒక రాత్రి ముందు గదిలో కూర్చుని, చెవుల్లో ఇయర్ ఫోన్లు పెట్టుకుని, ‘నోస్ఫెరాటూ’ పెట్టుకున్నాను. రంగులు, వేగం సరిచేసిన ప్రతి ఉందని విని చాలాకాలమైంది. ప్యారిస్‌లోని ఫిల్మ్ భాండాగారంలో 1922 నాటి రంగుల అద్దకం ప్రతి ఒకటి మిగిలి ఉంటే, అందులో లేని ముక్కలను వేరే ప్రతుల నుంచి తెచ్చి కలిపి 2006 నాటికి దాన్ని సిద్ధం చేశారు.

నాన్నగారు మంచినీళ్ళ కోసం లేచి వచ్చి నా వెనక నిలబడ్డారు. ఎంతసేపు నిలబడ్డారో నేను చూసుకోలేదు.

“ఒరేయ్, దీంట్లో మాటలే లేవా?”

లేవని తల ఊపాను. జర్మన్ అక్షరాల టైటిల్ కార్డు ఒకటి వచ్చింది, కింద ఇంగ్లీషులో దాని అర్థం. ఇప్పటి సినిమాల్లో కింద పరుగెత్తే అక్షరాల లాగా కాదు. నిదానంగా చదువుకునే వారికి కూడా చాలినంతసేపు నిలుస్తుంది, బడిలో నల్లబల్ల మీద రాసినట్టు. ఆయన చదివారు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. నేను ఇయర్ ఫోన్లు తీసి పక్కన పెట్టేశాను.

ఆ తరువాత గంటకు పైగా మా ఇద్దరిలో తక్కువ విన్నవారెవరూ లేరు. తక్కువ చూసినవాణ్ణి మాత్రం నేనే.

హుట్టర్ కోటకు పోయే దారిలో ఓర్లోక్ పంపిన గుర్రబ్బండి వస్తుంది. అది కుదుపులు కుదుపులుగా, ఈ లోకపు బండి కానట్టు పరిగెడుతుంది. ఉన్నట్టుండి అడవి అంతా తెల్లబడిపోతుంది. నల్లటి ఆకాశం కింద తెల్లటి చెట్లు. మొదటిసారి చూసినప్పుడు కాపీ పాడైందనుకున్నాను. నాన్నగారు ముందుకు వంగి, “నెగటివ్ రా ఇది! నెగటివ్‌నే వేశాడు!” అన్నారు. ఒక నిమిషం ఆలోచించి, “మరి బండి నల్లగానే ఉందేం? దానికి తెల్లబట్ట కప్పి ఉంటాడు” అన్నారు. మర్నాడు వెతికి చూస్తే ఆయన చెప్పింది నిజమే. మనిషి దాటకూడని ఎల్లను దాటాడని చెప్పడానికి మూర్నౌ రాక్షస మందిరాలు కట్టలేదు. ప్రతి ఫొటో స్టూడియోలోనూ దొరికే ఒక వస్తువును తిరగేసి చూపించాడు, అంతే.

మాక్స్ ష్రెక్ అనే నటుడు ఓర్లోక్‌గా వేశాడు. ష్రెక్ అంటే జర్మన్‌లో భయం అని అర్థం. చిత్రమేమిటంటే అది అతని అసలు పేరే. బోడిగుండు, గుచ్చుకునే చెవులు, ముందుకు పొడుచుకు వచ్చిన ఎలుక పళ్ళు, బిగుసుకుపోయిన చేతులు. తరువాతి కాలపు డ్రాకులాల అందం, సరసం ఇతనిలో మచ్చుకైనా లేవు. సినిమాలో కనిపించేదీ తక్కువసేపే. అయినా, అతడు తలుపు చట్రంలో నిలబడితే ఆ తలుపు అతని కొలతకే కట్టినట్టుంటుంది. మీద పడడు, అరవడు. నిలబడి ఉంటాడు, తరువాత చూస్తే మరికాస్త దగ్గరగా నిలబడి ఉంటాడు. ఈ రోజుల సినిమాలు మనల్ని ఉలిక్కిపడేట్టు చేస్తాయి, మరుక్షణం తేరుకుని నవ్వుకుంటాం. ఇక్కడ ఉలికిపాటు లేదు గనుక తేరుకోవడమూ లేదు. రావలసినది వస్తోందని తెలుస్తూనే ఉంటుంది.

కోటలో రెండో రాత్రి, ఓర్లోక్ హుట్టర్ మంచం మీదకు వంగుతాడు. అదే వేళకు ఎంతో దూరాన విస్‌బోర్గ్‌లో ఎలెన్ నిద్రలోంచి లేచి కూర్చుని, చేతులు చాచి భర్తను పిలుస్తుంది. నోరు తెరుచుకుంటుంది గానీ మనకు ఏమీ వినపడదు. ఇక్కడ కోటలో ఓర్లోక్ ఆగుతాడు. నెమ్మదిగా తల తిప్పి, ఎలెన్ ఉన్న వైపు చూస్తాడు. హుట్టర్‌ని వదిలి వెళ్ళిపోతాడు.

“వినపడింది వాడికి,” అన్నారు నాన్నగారు. “చూశావా? ఆ పిల్ల పిలిస్తే వాడికి వినపడింది.”

ఆ దృశ్యాన్ని అంతకుముందు నేను చూడకపోలేదు. భార్యను ఒకసారి, పిశాచిని ఒకసారి చూపించారని మాత్రమే తెలుసుకున్నాను. ఇద్దరి మధ్య వందల మైళ్ళ దూరం; అయినా కేక చేరింది. మాట రికార్డయిన సినిమా అయితే ఆమె కేకను మనకు కూడా వినిపించి ఉండేవారు, అప్పుడు అది మామూలు కేక అయిపోయేది. ఇందులో కేక వినని వాళ్ళం మనమే, విన్నవాడు వాడొక్కడే. ఆ సంగతి నాకు చెవులున్న ఎవరూ చెప్పలేదు.

ఓడ విస్‌బోర్గ్ రేవులోకి వచ్చే దృశ్యం మరొకటి. నావికులు ఒకరి తరువాత ఒకరు చనిపోతారు. కెప్టెన్ తనను తాను చుక్కాని చక్రానికి కట్టేసుకుంటాడు. చివరికి నడిపేవాడు లేని ఓడ తెర పక్కనుంచి మెల్లగా జారి వచ్చి, నిద్రపోతున్న ఊరి ముందు ఆగుతుంది. అంతలో మూర్నౌ మనకు చూపించినవేమిటి? తెరచాప, నీళ్ళు, ఇళ్ళ పైకప్పులు. ఓర్లోక్ తన పేటికను చంకలో పెట్టుకుని వీధుల్లో నడిచాడు. నేనూ నా స్నేహితుడూ నవ్విన చోటు అదే. ఈసారి వీధులు నీలంగా ఉన్నాయి. రాత్రి. అతడు కొన్న పాడుబడ్డ ఇళ్ళు ల్యూబెక్ నగరంలో ఇప్పటికీ నిలిచి ఉన్న పాత ఉప్పు గిడ్డంగులు. హుట్టర్ ఇంటి ఎదురుగానే అతని ఇల్లు.

ఇక ప్లేగు. దండోరా వేసేవాడు వీధిలో నిలబడి ప్రకటన చదువుతాడు. ఒక మనిషి ఇల్లిల్లూ తిరిగి తలుపుల మీద సుద్దతో గుర్తులు వేసుకుంటూ పోతాడు. ఎలెన్ కిటికీలోంచి చూస్తుంది: ఇరుకు వీధి నడుమ, శవపేటికలు మోసుకుంటూ మనుషులు, ఒక వరస. ఏడుపులు లేవు, పరుగులు లేవు. వరస నడుస్తూనే ఉంటుంది.

నాన్నగారు టీవీ మీదనుంచి చూపు తిప్పి మా కిటికీ వైపు చూశారు. వీధి దీపం వెలుగులో ఎదురింటి గేటు, దాని మీద నోటీసు కాగితం కనిపిస్తున్నాయి. ఏమీ అనలేదు. నేనూ నోటుపుస్తకం తియ్యలేదు. (ఎదురింటి పెద్దాయన తిరిగి రాలేదు. ఆ సంగతి మాకు మూడో రోజున తెలిసింది.)

ఈ సినిమా చూసిన మొదటి ప్రేక్షకులు ఎవరో తలచుకుంటే ఆ వరస మరోలా కనిపిస్తుంది. 1922 మార్చిలో బెర్లిన్‌లో దీన్ని ప్రదర్శించారు. యుద్ధం ముగిసి నాలుగేళ్ళు కాలేదు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచమంతటా కోట్ల మందిని తీసుకుపోయింది. మూర్నౌ స్వయంగా ఆ యుద్ధంలో విమానం నడిపి వచ్చినవాడు. తూర్పు నుంచి ఒక కనపడని చావు వచ్చి ఇంటింటా దూరుతుందంటే, వాళ్ళకు అది కట్టుకథ కాదు. మాకూ ఆ నెల కాలేదు.

చివరకు ఎలెన్ తనను తాను బలి ఇచ్చుకుంటుంది. కోడి కూసేదాకా పిశాచిని తన దగ్గర ఆపగలిగితే అది నశిస్తుందని పుస్తకంలో చదివి, కిటికీ తెరుస్తుంది. మెట్ల మీద అతని నీడ పైకెక్కే దృశ్యాన్ని సినిమా చూడనివారు కూడా ఎక్కడో ఒకచోట బొమ్మగా చూసే ఉంటారు. మనిషి కనిపించడు, వంగిన వీపు, పొడుగాటి వేళ్ళు, గోడ మీద నీడ మాత్రమే. ఆ చేతి నీడ ఆమె గుండె మీద గుప్పిట బిగిస్తుంది. తెల్లవారుతుంది. ఓర్లోక్ లేచి కిటికీ దాకా వచ్చి, వెలుగు తగిలి, కరిగిపోతాడు. నేల మీద కాస్త పొగ మిగులుతుంది.

సూర్యకాంతికి రక్తపిశాచి చచ్చిపోవడం ఈ సినిమాలో పుట్టిన సంగతే. స్టోకర్ నవలలో డ్రాకులా పగలు కూడా తిరగగలడు. శక్తి తగ్గుతుంది, అంతే. అతన్ని చంపినవి కత్తులు. తరువాత వందేళ్ళుగా వచ్చిన పిశాచి కథల్లో ఎన్నిటికో ఆధారమైన ఆ నియమం ఇక్కడ మొదలైంది. ఈ మాట పుస్తకంలో రాసి చూపిస్తే నాన్నగారు కాసేపు ఆలోచించారు. “అవును మరి, ఫిల్ము తీసేవాడికి తప్ప ఎవడికొస్తుంది ఆ ఆలోచన? కడగని ఫిల్ముకు వెలుతురు తగిలితే అంతే కదరా” అన్నారు. మూర్నౌ, కథ రాసిన హెన్రిక్ గాలీన్ అలా అనుకునే చేశారని నేననను. డార్క్ రూములో పనిచేసిన మనిషికి అలా తోచిందని మాత్రం చెబుతాను.

సినిమా అయిపోయాక దాని వెనక కథ రాసి చూపించాను. స్టోకర్ భార్య ఫ్లారెన్స్‌కు సంగతి తెలిసి దావా వేసింది. ఆమెకు భర్త మిగిల్చిన ఆస్తిలో ఆ నవల ఒకటి. ఆమె కోపం అన్యాయమైనదేమీ కాదు. సినిమా తీసిన ప్రానా ఫిల్మ్ సంస్థ అప్పటికే దివాలా తీసింది. ఆ సంస్థ తీసిన మొదటి సినిమా, చివరి సినిమా ఇదే. 1925లో జర్మన్ న్యాయస్థానం ఈ సినిమా ప్రతులన్నిటినీ నాశనం చేయమని తీర్పు ఇచ్చింది. కానీ అప్పటికే కొన్ని ప్రతులు దేశాలు దాటిపోయాయి. శవపేటికలో దాక్కుని ఓడెక్కినవాడి లాగే, డబ్బాల్లో దాక్కుని అవి బతికాయి.

నాన్నగారు అంతా చదివి, “బాగుంది. మరి మనవాళ్ళు కూడా మూకీలు తీశారుగా? రఘుపతి వెంకయ్య... ఆయన కూడా మద్రాసులో ఫొటో స్టూడియో నడిపినవాడే. అవి పెట్టు, చూద్దాం” అన్నారు.

ఆయన గొంతులో చాలా ఏళ్ళ తరువాత విన్న ఉత్సాహమది. కలం పట్టుకుని కాసేపు ఊరుకున్నాను. వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ కలిసి తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ 1921 నాటిది. ‘నోస్ఫెరాటూ’ కంటే ఒక్క ఏడాది ముందు. తెలుగువారు తీసిన తొలి సినిమాగా మనం చెప్పుకునేది దాన్నే. దాని మీద ఎవరూ దావా వెయ్యలేదు. ఏ కోర్టూ కాల్చమనలేదు. ఈనాడు దాని ప్రతి ఒక్కటీ లేదు. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే పూర్తిగా మిగిలినవి బహు కొద్ది. నాటి ఫిల్ము ఇట్టే అంటుకునేది, ఉక్కపోతకు పాడైపోయేది. టాకీలు వచ్చాక పాత మూకీలను దాచేవాళ్ళు లేక, వాటిలోని వెండి కోసం కరిగించినవీ ఉన్నాయి. పూణేలో జాతీయ ఫిల్మ్ భాండాగారం పెట్టింది 1964లో. ఇతర దేశాలవాళ్ళూ పోగొట్టుకున్నారు: హంగరీలో 1921లో తీసిన డ్రాకులా సినిమా పోయింది, లాన్ చానీ నటించిన ‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ (1927) తెలిసిన చివరి ప్రతి 1965లో ఒక గోదాము మంటల్లో పోయింది. అయినా మన లెక్క మన లెక్కే.

‘లేదు నాన్నా. ఒక్కటీ మిగల్లేదు’ అని రాశాను.

ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. “కోర్టు కూడా అక్కరలేకపోయింది మనకి” అని లేచి వెళ్ళి పడుకున్నారు.

పొద్దున నేను లేచేసరికి ఆయన అటక మీదనుంచి రేకు పెట్టె దింపించి, ముందు వేసుకుని కూర్చున్నారు. ఆయన వయసులో తీసిన నెగటివ్‌లు. సగం చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదియ్యబోతే బొమ్మ ఊడి వస్తోంది. బాగున్నవాటిని ఒక్కొక్కటే కిటికీ వెలుగులో పట్టి చూస్తూ, ఎవరెవరో చెబుతూ పోయారు. ఒక కాగితం మీద రాసుకోమన్నారు. ఒకదాని దగ్గర ఆగి అమ్మను పిలిచారు. పెళ్ళైన కొత్తలో అమ్మ, మా పాత ఇంటి అరుగు మీద. నెగటివ్ కదా, ముఖం నల్లగా, జుట్టంతా తెల్లగా ఉంది.

“ఇప్పటి జుట్టే” అన్నారు నాన్నగారు.

అమ్మ నవ్వింది. అదే క్షణంలో ఆయనా నవ్వారు.

తా. క.: ఈ సినిమా చూడదలచుకున్న మిత్రులకు ఒక మనవి. రంగుల అద్దకం ఉన్న, గంటన్నర నిడివి గల ప్రతినే వెతుక్కోండి. రాత్రి, దీపాలన్నీ ఆర్పి చూడండి. సంగీతం మీ ఇష్టం. హాన్స్ ఎర్డ్‌మన్ కట్టిన అసలు స్వరాల్లో చాలా భాగం ఎలాగూ దొరకడం లేదు. మీ ఇంట్లో వినికిడి తగ్గిన పెద్దవారెవరైనా ఉంటే వారిని కూడా పిలిచి కూర్చోబెట్టుకోండి.